డే కేర్‌లో చిన్నపిల్లలను రోజూ బయట ఆడించడం ఎలా: మొదటి రోజు నుంచి

డే కేర్ పనిలోకి వచ్చిన మూడో ఏడాది, ఒక రోజంతా ఒక మూడేళ్ల పాపను గమనిస్తూ కూర్చున్నాను. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ పాప ఎప్పుడు కదిలింది, ఎప్పుడు ఊరికే ఉంది అని కాగితం మీద రాసుకుంటూ పోయాను. చురుకైన పిల్ల, ఒక్క చోట కాలు నిలవదు అని మేమంతా చెప్పుకునే పిల్ల. తీరా లెక్క చూస్తే నిజంగా పరుగెత్తిన, గెంతిన, ఎక్కిన సమయం ఇరవై నిమిషాలు కూడా లేదు. లైన్లో నిలబడటం, చేతులు కడుక్కోవడానికి వంతు కోసం చూడటం, పక్క పిల్లలకు బూట్లు తొడిగేదాకా చాప మీద చేతులు కట్టుకుని కూర్చోవడం, ఇవన్నీ కలిపితే గంట దాటింది. మాకు మంచి ఆటస్థలం ఉంది, జారుడుబల్ల ఉంది, ఉయ్యాలలు ఉన్నాయి. అయినా ఆ పాప రోజును తినేసింది ఎదురుచూపు. అప్పటి నుంచి నేను ఏ సెంటర్‌లో ఎవరికి చెప్పినా ఇక్కడి నుంచే మొదలుపెడతాను. ఇప్పుడు మీకూ అలాగే చెబుతున్నాను.

1. ఏమీ కొనకముందు, ఒక రోజు గడియారం పట్టుకోండి

ముగ్గురు పిల్లలను ఎంచుకోండి. బాగా అల్లరి చేసే పిల్లవాడు ఒకరు, ఎప్పుడూ ఒక మూల ఉండే పిల్ల ఒకరు, మధ్యరకం ఒకరు. రోజుకు ఒకరి చొప్పున మూడు రోజులు చూడండి. కాగితం మీద మూడు గళ్లు చాలు: ఒళ్లు కదిలింది, కూర్చుని ఏదో పనిలో ఉంది, ఊరికే వేచి ఉంది. ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి తలెత్తి చూసి ఏదో ఒక గడిలో గీత పెట్టండి. సిబ్బంది తక్కువగా ఉంటే పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు పంచుకోవచ్చు.

గీతలు పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. చిన్నపిల్లలు పెద్దవాళ్లలా అరగంట ఆపకుండా పరుగెత్తరు. కొన్ని సెకన్లు దూసుకుపోతారు, ఆగుతారు, వంగి చీమను చూస్తారు, మళ్లీ లేచి పరుగు. వాళ్ల వ్యాయామం అలాగే ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. మనం వెతకాల్సింది మధ్యలో ఆగడాన్ని కాదు, మనం ఆపేసిన చోట్లను.

2. ఎంత కదలాలో తెలుసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. ఏడాదిలోపు పసిపిల్లలు రోజులో చాలాసార్లు నేల మీద ఆడాలి. ఇంకా పాకడం రాని పిల్లలను మెలకువగా ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా, రోజు మొత్తంలో కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచాలి. ఒకటి రెండేళ్ల పిల్లలు ఎలాంటి కదలికైనా సరే కనీసం 180 నిమిషాలు కదలాలి. మూడు నాలుగేళ్ల పిల్లలకూ అదే 180, కానీ అందులో కనీసం 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేంత గట్టిగా ఆడాలి. ఏ వయసు పిల్లనైనా బేబీ సీటులోనో, తోపుడు బండిలోనో ఒక్కసారికి గంటకు మించి కట్టేసి ఉంచకూడదు. స్క్రీన్ విషయానికొస్తే రెండేళ్ల లోపు అసలు వద్దు, ఆ తర్వాత గంటకు మించకూడదు. డే కేర్ వరకు నా మాట అడిగితే స్క్రీన్ అక్కర్లేనే లేదు, ఆ గంట ఇంటికి వదిలేయండి.

ఈ లెక్కలన్నీ 24 గంటలకు. ఇంట్లో పరుగెత్తుతారులే అనుకోవద్దు. పిల్ల మెలకువగా ఉండే సమయంలో ఎక్కువ భాగం మన దగ్గరే గడుస్తుంది, ఇంటికి వెళ్లేసరికి స్నానం, భోజనం, నిద్ర తప్ప పెద్దగా ఏమీ మిగలదు. కాబట్టి 180లో చాలావరకు మన వాకిట్లోనే పూర్తి కావాలి.

మరి లోపలే గెంతించవచ్చు కదా, బయటికే ఎందుకు అని చాలామంది అడుగుతారు. గదిలో వెలుతురు కొన్ని వందల లక్సులు (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, పగటి పూట బయట నీడలో కూడా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, ఎండలో పదివేలు సులువుగా దాటుతుంది. ఆ వెలుతురుకూ కంటిచూపుకూ సంబంధం ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడి ఉన్న ప్రతి రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడిపే ఏర్పాటు చేసి మూడేళ్లు గమనించారు. మామూలు బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వస్తే, బయట గడిపిన పిల్లల్లో 30.4 శాతం మందికి వచ్చింది. 2015లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఫిన్లాండ్‌లో మరో ప్రయోగం చేశారు. కొన్ని డే కేర్ల కంకర పెరళ్లలో అడవి మట్టి, పచ్చగడ్డి, మొక్కల తొట్లు తెచ్చిపెట్టి పిల్లలను రోజూ వాటిలో ఆడనిస్తే, 28 రోజుల్లో వాళ్ల చర్మం మీది మేలు చేసే సూక్ష్మజీవుల్లో వైవిధ్యం పెరిగింది, రక్తంలో రోగనిరోధక శక్తికి సంబంధించిన మార్పులూ కనిపించాయి. మట్టి అంటితే జబ్బు చేస్తుందని కంగారుపడే తల్లిదండ్రులకు నేను ఇది తప్పకుండా చెబుతాను.

3. టైంటేబుల్‌లో ఎదురుచూపును కోసేయండి

ఒకేసారి పెద్దగా గంటన్నర కంటే, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ముందు ఒకసారి, నిద్ర లేచాక ఒకసారి, ఇలా రెండు మూడు విడతలు మేలు. ఎందుకంటే బయటికి వదిలిన మొదటి పది పదిహేను నిమిషాల్లోనే పిల్లలు అన్నిటికంటే ఎక్కువ పరుగెత్తుతారు, ఆ తర్వాత నెమ్మదిస్తారు. విడతలు పెరిగితే ఆ మొదటి పది నిమిషాలు మూడుసార్లు వస్తాయి. అలాగని నెమ్మదించగానే లోపలికి తోలేయకండి. కథ కట్టుకుని ఆడటం, గుంట తవ్వడం లాంటివన్నీ అప్పుడే మొదలవుతాయి. ఒక విడతైనా ముప్పావు గంటకు తగ్గకుండా చూసుకోండి.

ఇప్పుడు అసలు కోత. అందరూ సిద్ధమయ్యాకే బయటికి అనే పద్ధతి మానేయండి. ఇద్దరు టీచర్లుంటే, మొదట బూట్లు వేసుకున్న నలుగురితో ఒకరు బయటికి వెళ్లిపోవాలి, మిగతావాళ్లు తయారవుతున్న కొద్దీ రెండోవారు పంపుతూ ఉండాలి. దీనికి ఎవరు ఎక్కడ ఉన్నారో ఇద్దరికీ తెలిసే లెక్క కావాలి, కాబట్టి పేర్ల పట్టిక ఇద్దరి దగ్గరా ఉండాలి. ఇది ఒక్కటే చేసి మా దగ్గర ఒక్కో విడతకు పావుగంట దాకా మిగుల్చుకున్నాం. చేతులు కడుక్కునే చోటా అంతే, పన్నెండు మందిని గోడ పక్కన నిలబెట్టి ఒక్కొక్కరినీ పిలిచే బదులు ముగ్గురు చొప్పున ఆట మధ్యలోంచి పిలవండి.

ఇంకో మాట, ఇది నాకు బాగా బాధ కలిగించే విషయం. అల్లరి చేశాడని ఆట ఆపేసి పక్కన కూర్చోబెట్టడం చాలా చోట్ల మామూలైపోయింది. ఎక్కువ కదలాల్సిన పిల్లవాడినే కదలనివ్వకపోతే మధ్యాహ్నానికి ఇంకా రెట్టింపు చేస్తాడు. ఎవరినైనా కొట్టాడా, రెండు నిమిషాలు మీ పక్కన ఉంచుకుని మాట్లాడండి, మళ్లీ ఆటలోకి పంపండి. అలాగే శిక్షగా నాలుగు చుట్లు పరుగెత్తమనడం కూడా వద్దు, పరుగంటే శిక్ష అని వాడికి మనమే నేర్పినట్టు అవుతుంది.

4. స్థలాన్ని మీ కళ్లతోనూ, మోకాళ్ల మీద కూర్చుని వాళ్ల కళ్లతోనూ చూడండి

రోజూ పిల్లలు రాకముందు ఒకరు ఆటస్థలం మొత్తం నడిచి రావాలి. గాజుపెంకులు, ముళ్లు, జంతువుల మలం, పుట్టగొడుగులు, నిలిచిన నీళ్లు, ఊడిన మేకులు, వదులైన నట్లు, గేటు గడియ. ఐదు నిమిషాల పని, కానీ చూశామని సంతకం పెట్టే కాగితం ఒకటి తలుపు దగ్గర లేకపోతే వారంలో ఎవరూ చెయ్యరు.

అన్నిటికంటే ముఖ్యం పిల్లలు పడే నేల. ఆటస్థలంలో పెద్ద దెబ్బల్లో ఎక్కువ భాగం ఎత్తు నుంచి పడటం వల్లే వస్తాయి, ఎత్తు ఎంత అనేదానితోపాటు కింద ఏముంది అనేదీ అంతే ముఖ్యం. సిమెంటు, తారు, గట్టిపడిన మన్ను అసలు పనికిరావు. పచ్చగడ్డి మెత్తగా కనిపిస్తుంది కానీ తొక్కుడుకు గట్టిపడిపోతుంది, దాన్ని నమ్మకండి. చెక్క పేళ్లో, ఇసుకో, దీనికోసమే తయారైన రబ్బరు నేలో ఉండాలి. చెక్క పేళ్లు పోసేటప్పుడు సుమారు 30 సెంటీమీటర్ల మందం పోస్తే, అణిగాక కూడా 23 సెంటీమీటర్లు మిగులుతుంది. ఉయ్యాల కింద, జారుడుబల్ల చివర పేళ్లు చెదిరి గుంట పడుతుంది, వారానికోసారి పారతో లాగి సర్దండి. ఎక్కే పరికరం చుట్టూ అన్ని వైపులా కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలి, ఉయ్యాలకు ముందూ వెనకా ఇంకా ఎక్కువ.

తర్వాత సందులు. నిచ్చెన మెట్ల మధ్యా, కటకటాల మధ్యా 9 సెంటీమీటర్ల నుంచి 23 సెంటీమీటర్ల దాకా ఉండే సందు ప్రమాదకరం. పిల్ల కాళ్లు ముందు పెట్టి దూరితే ఒళ్లు దాటుతుంది, తల ఇరుక్కుంటుంది. టేపు తీసుకుని ఒక్కసారి అన్నీ కొలవండి. మెడకు తగిలేవన్నీ తీసేయించండి: హుడ్ తాళ్లు, పొడవాటి స్కార్ఫులు, గొలుసులు. హెల్మెట్ సంగతి చాలామందికి తెలియదు. మూడు చక్రాల సైకిల్ తొక్కేటప్పుడు అది ఉండాల్సిందే, కానీ అదే హెల్మెట్‌తో ఎక్కే పరికరాల మీదికి వెళితే సందులో ఇరుక్కుని పట్టీ గొంతుకు బిగుస్తుంది. సైకిల్ దిగగానే తీసేయాలి.

జారుడుబల్ల మీద చిన్నపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మనం జారడం ప్రేమతో చేసే పనే, కానీ పిల్ల బూటు పక్కన పట్టుకుంటే మన బరువంతా ఆ చిన్న కాలి మీద పడి ఎముక విరుగుతుంది. ఒంటరిగా జారలేని పిల్ల ఇంకా జారక్కర్లేదు. ఇదే లెక్క ఎక్కడానికీ వర్తిస్తుంది. తనంతట తాను ఎక్కలేని చోటికి మనం ఎత్తి పెట్టకూడదు, ఎక్కడం రానివాళ్లకు దిగడమూ రాదు. ఎండలో ఉన్న ఇనుమూ, ప్లాస్టిక్కూ, రబ్బరు నేలా కూడా కాలుతాయి, పిల్లలను వదిలేముందు అరచేతి వెనకవైపు ఆనించి చూడండి.

5. కదిలే సామాను సమకూర్చండి

పెద్ద పరికరాల కంటే పిల్లలను ఎక్కువ కదిలించేవి చేత్తో మోసుకెళ్లగలిగేవే. జారుడుబల్ల మీద పది మంది ఉంటే ఒకరు జారుతారు, తొమ్మిది మంది లైన్లో ఉంటారు. అదే పది మందికి ఆరు బంతులు, నాలుగు బకెట్లు, రెండు పలకలు, ఒక పెద్ద అట్టపెట్టె ఇచ్చి చూడండి, లైన్ ఉండదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. డెన్మార్క్ తోటల రూపశిల్పి సోరెన్‌సన్, పెద్దలు కట్టించిన ఆటస్థలాల కంటే పాత సామాను పడేసిన చోట్లలోనే పిల్లలు ఎక్కువ ఇష్టంగా ఆడుతున్నారని గమనించాడు. కోపెన్‌హాగెన్ దగ్గర ఎమ్‌డ్రప్‌లో 1943లో అలాంటి సామానుతోనే ఒక ఆటస్థలం తెరిచారు. 1971లో సైమన్ నికల్సన్ అనే కళాకారుడు ఈ సంగతిని ఇంకా స్పష్టంగా రాశాడు: చుట్టూ కదిపి మార్చగలిగే వస్తువులు ఎన్ని రకాలుంటే, పిల్లలు కొత్తగా కనిపెట్టడానికి అంత అవకాశం ఉంటుందని.

మేము కూడా ఒకప్పుడు నెలల తరబడి డబ్బు కూడబెట్టి పెద్ద ప్లాస్టిక్ కోట కొన్నాం. రెండు వారాలు ఎగబడ్డారు, ఆ తర్వాత అది వచ్చిన అట్టపెట్టెలతో నెల రోజులు ఆడారు. ఆ రోజుల్లో నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

పోగుచేయాల్సినవి: వేర్వేరు సైజుల మెత్తటి బంతులు, బకెట్లు, నున్నగా రుద్దిన చెక్క పలకలు, పాత దుప్పట్లు, అట్టపెట్టెలు, చాక్‌పీసులు, చిన్న పారలు, తోసే బండ్లు. పాత టైర్లు బాగా పనికొస్తాయి, కానీ ఇనుప తీగ బయటికి పొడుచుకొచ్చినవి వద్దు, నీళ్లు నిలిచి దోమలు చేరకుండా కింద రంధ్రాలు పొడవండి. మూడేళ్లలోపు పిల్లలుంటే ప్రతి వస్తువునూ టిష్యూ రోల్ మధ్యలో ఉండే అట్టగొట్టంలోంచి వేసి చూడండి, అందులో పట్టేదంతా గొంతులోనూ ఇరుక్కోగలదు, పక్కన పెట్టేయాలి. సామాను మొత్తం ఒకేసారి బయట పెట్టవద్దు. సగం లోపల ఉంచి వారానికోసారి మార్చితే పాతవే కొత్తగా కనిపిస్తాయి.

ఇసుక ఉంటే దానికి మూత కావాలి, లేకపోతే పిల్లులు వాడుకుంటాయి, వాటి మలం ద్వారా పురుగుల గుడ్లు పిల్లల చేతులకు చేరతాయి. రోజూ దువ్వెనగొర్రుతో కలియదిప్పండి, ఆట అయ్యాక చేతులు కడిగించండి. నీళ్ల ఆట నాకు చాలా ఇష్టం, కానీ అక్కడ నియమం కఠినంగా ఉండాలి: ఐదు సెంటీమీటర్ల నీటిలో కూడా చిన్నపిల్ల మునిగిపోగలదు, అదీ చప్పుడు లేకుండా. తొట్టి పక్కన చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒకరు ఉండాలి, ఆట అయిన వెంటనే నీళ్లు పారబోసి తొట్టి బోర్లించాలి. అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.

6. పసిపిల్లలను కూడా బయటికి తీసుకెళ్లండి

చాలా సెంటర్లలో ఏడాదిలోపు పిల్లలకు బయట అంటే తోపుడు బండిలో ఒక చుట్టు. అది చాలదు. నీడలో దుప్పటి పరిచి బోర్లా పడుకోబెట్టండి. మొదట మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు, డైపర్ మార్చాక లేదా నిద్ర లేచాక. పాలు తాగిన వెంటనే వద్దు. ఏడిస్తే మీరూ ఎదురుగా బోర్లా పడుకుని ముఖంలో ముఖం పెట్టి మాట్లాడండి, లేదా ఛాతీ కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. నిద్రపోతే మాత్రం వెంటనే వెల్లకిలా తిప్పి, తన పడకలోకి చేర్చాలి. నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే.

పాకే పిల్లలకు గడ్డి, చాప, చెక్క, ఇసుక ఇలా రకరకాల నేల తగలనివ్వండి, కాళ్లకు ఏమీ వేయకండి. చక్రాల వాకర్లు వాడకండి. నడక త్వరగా రాదు సరికదా, పిల్ల క్షణంలో మెట్ల దాకా వెళ్లిపోతుంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. ఆరు నెలలలోపు పిల్లలను నేరుగా ఎండ తగలని చోటే ఉంచాలి.

7. ఒకటి రెండేళ్లు: మోయనివ్వండి, తోయనివ్వండి

తప్పటడుగులు వేసే పిల్లకు వేరే ఆట నేర్పక్కర్లేదు. బరువు మోయడం, తోయడం, పోయడం, చిన్న గట్టు ఎక్కి దిగడం, మళ్లీ ఎక్కడం. సగం నింపిన బకెట్టు ఇచ్చి ఇక్కడి ఇసుక అక్కడికి చేర్చమంటే అరగంట పని. ఒకే రకం వస్తువులు రెండు మూడు ఉండాలి, ఈ వయసులో పంచుకోవడం ఇంకా రాదు.

8. మూడు నుంచి ఐదేళ్లు: నైపుణ్యాలు వాటంతట అవే రావు

పరుగు దానంతట అదే వస్తుంది. బంతి పట్టడం, విసరడం, తన్నడం, ఒంటికాలి మీద గెంతడం, ఒక కాలు ముందుంచి గుర్రంలా దూకడం, వీటికి సాధన కావాలి, చూపించేవాళ్లు కావాలి. రోజుకు పది నిమిషాలు చాలు, మిగతాదంతా వాళ్ల ఆటే.

బంతి పట్టడం పెద్ద మెత్తటి బంతితో కూడా చాలామందికి భయం, ముఖం తిప్పేసుకుంటారు. పల్చటి గుడ్డ ముక్కతో మొదలుపెట్టండి. గాలిలోకి విసిరితే నెమ్మదిగా దిగుతుంది, కన్ను దాన్ని వెంటాడుతుంది, చెయ్యి అందుకుంటుంది. ఆ తర్వాత నేల మీద దొర్లించిన బంతి, తర్వాత ఒకసారి ఎగిరి వచ్చేది, చివరికి నేరుగా వచ్చేది. విసరడంలో కుడిచేతితో విసిరేటప్పుడు ఎడమకాలు ముందుకు వేయాలి, నేల మీద చాక్‌పీసుతో ఒక పాదం గీస్తే మాటలు అక్కర్లేదు. గురి పెట్టి మెల్లగా వేయించడం కంటే గోడ కేసి ఎంత గట్టిగా వేయగలవో చూద్దాం అంటేనే ఒళ్లంతా కదులుతుంది. బ్యాలన్స్‌కు చాక్‌పీసు గీత, ఆ తర్వాత నేల మీద పెట్టిన పలక, ఆ తర్వాత రెండు ఇటుకల ఎత్తు పలక.

ఔట్ చేసే ఆటలు తీసేయండి. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాళ్లే మొదట ఔటై కూర్చుంటారు. కుర్చీలాటలో పిల్లలను తీయకండి, కుర్చీలను తీయండి, చివరికి మిగిలిన ఒక్క కుర్చీ మీద ఎనిమిది మంది ఎలా సర్దుకోవాలో వాళ్లే కనుక్కుంటారు, ఆ నవ్వులు వినాలి మీరు. పట్టుకునే ఆటలో దొరికినవాళ్లు కాళ్లు ఎడంగా పెట్టి చెట్టులా నిలబడితే, ఇంకొకరు ఆ కాళ్ల మధ్య నుంచి పాకి విడిపించాలి. అందరూ చివరిదాకా ఆటలోనే ఉంటారు.

కుస్తీ పట్టడం, ఒకరి మీద ఒకరు పడి దొర్లడం చూస్తే మనకు వెంటనే విడదీయాలనిపిస్తుంది. ముందు ముఖాలు చూడండి. నవ్వుతున్నారా, కిందపడ్డవాడు లేచి మళ్లీ వస్తున్నాడా, పైచేయి మారుతోందా? అయితే అది ఆట. ఒకరి ముఖం బిగుసుకుని తప్పించుకోవాలని చూస్తుంటే అప్పుడు వెళ్లండి.

9. మీరు ఎక్కడ నిలబడతారు, ఏం మాట్లాడతారు

టీచర్లంతా ఒకే నీడలో నిలబడి మాట్లాడుకోవడం అన్ని చోట్లా ఉన్న అలవాటే, మా దగ్గరా ఉండేది. స్థలాన్ని భాగాలుగా పంచుకోండి, ఎవరి భాగం వాళ్లది. ఎక్కే పరికరం దగ్గర ఒకరు తప్పనిసరి. బయటికి వెళ్లేటప్పుడు, మధ్యలో, తిరిగి లోపలికి వచ్చేటప్పుడు తలలు లెక్కపెట్టి పట్టికతో సరిచూడాలి. ఫోన్ అత్యవసరానికే. బయటికి తీసుకెళ్లే సంచిలో పేర్ల పట్టిక, తల్లిదండ్రుల నంబర్లు, ప్రథమ చికిత్స సామాను, తాగునీళ్లు, ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలర్లు, అలర్జీ మందులు ఉండాలి. ఆ సంచి తలుపు పక్క కొక్కేనికే వేలాడాలి, బీరువాలో కాదు.

మీరూ పరుగెత్తండి. పెద్దవాళ్లు ఒకరు ఆటలోకి దిగితే మూల కూర్చున్న పిల్లలు కూడా లేస్తారు. రెండు నిమిషాలు ఆడి, ఆట వాళ్ల చేతికి రాగానే పక్కకు తప్పుకోండి.

ఇక "జాగ్రత్త! పడతావ్!" అనే మాట. రోజుకు వందసార్లు అంటాం, ఏం చేయాలో మాత్రం ఒక్కసారీ చెప్పం. పైగా ఆ కేకకు ఉలిక్కిపడి పట్టు వదిలే పిల్లలూ ఉన్నారు. దాని బదులు దగ్గరికి వెళ్లి, "ఆ కాలు తర్వాత ఎక్కడ పెడతావమ్మా?", "ఆ కొమ్మ ఊగుతోందా చూడు", "రెండు చేతులతో పట్టుకున్నావా?" అని అడగండి. నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ పిల్లల సాహసపు ఆటలను రకాలుగా విడదీసింది: ఎత్తు, వేగం, ప్రమాదకరమైన పనిముట్లు, నిప్పూ నీళ్ల లాంటివి, కుస్తీ, పెద్దల కంటికి దూరంగా వెళ్లడం. ఏ పిల్లనైనా చూడండి, వీటిలో ఏదో ఒకటి వెతుక్కుంటుంది. మన పని ఆ పిల్ల కంటికి కనిపించని ప్రమాదాన్ని తీసేయడం, అంటే పుచ్చిన పలక, వదులైన నట్టు. తన కంటికి కనిపించి తాను తేల్చుకోగల ఎత్తును తనకే వదిలేయాలి. మోకాలు దోక్కుపోతుంది, కడిగి కట్టు కట్టండి, దెబ్బలు నమోదు చేసే పుస్తకంలో రాయండి. ఒకే చోట మూడుసార్లు రాస్తే ఆ చోటును మార్చండి.

10. వాతావరణాన్ని సాకుగా చూడకండి

వేడి, తేమ కలిపి ఒంటికి తగిలే ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే విడత తగ్గించండి, నీడలోకి మార్చండి, పావుగంటకోసారి అడగకుండానే నీళ్లు తాగించండి. పిల్లలు ఆటలో దాహం సంగతి మర్చిపోతారు. వేసవిలో పొద్దునే, సాయంత్రమే బయటికి. ముఖం బాగా ఎర్రబడి, మందకొడిగా అయి, తల తిరుగుతోందన్నా, వాంతి చేసుకున్నా వెంటనే చల్లటి చోటికి చేర్చి ఒళ్లు తడపండి. తేరుకోకపోతే, తికమకగా మాట్లాడితే ఆలస్యం చేయకుండా అంబులెన్స్ పిలవండి. చలిలో ఒక మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా బట్టలు మేలు, తడిస్తే మార్చాలి.

వాన పడితే వెళ్లండి, గుంటల్లో గెంతనివ్వండి. ఉరుము వినిపిస్తే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా లోపలికి, చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు గడిచేదాకా బయటికి రాకూడదు. గాలి నాణ్యత సూచీ 100 దాటితే ఆస్తమా పిల్లలను కనిపెట్టుకుని ఉండి గట్టి ఆటలు తగ్గించండి, 150 దాటితే అందరూ లోపలే. అలాంటి రోజుల కోసం టేబుళ్ల కింద దుప్పటితో సొరంగం, నేల మీద టేపు గీతలు, దిండ్ల మీదికి గెంతు, ఇవి ముందే ఒక పెట్టెలో సిద్ధంగా ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

11. పక్కన నిలబడిపోయే పిల్లలు

ప్రతి గుంపులోనూ ఒకరిద్దరు ఉంటారు. కొందరికి కేకలు, తోపులాట భరించలేనంత, అలాంటి పిల్లను అందరికంటే ఐదు నిమిషాలు ముందు బయటికి తీసుకెళ్తే ఖాళీ స్థలం తనదవుతుంది, తర్వాత వచ్చేవాళ్లను తానే చూస్తుంది. వినికిడి తక్కువైతే విజిల్‌తోపాటు రంగు జెండా ఊపండి. చూపు తక్కువైతే లోపల గంట ఉన్న బంతి. వీల్‌చైర్‌లో ఉన్న పిల్లకు చెక్క పేళ్ల మీద చక్రాలు కూరుకుపోతాయి, గట్టి దారి ఒకటి ఎక్కే పరికరం దాకా వేయాలి, ఇసుకనూ నీళ్లనూ బల్ల ఎత్తుకు తేవాలి. ఆ పిల్లకు స్కోరు రాసే పని అప్పజెప్పి చేర్చుకున్నామనుకోవద్దు, తన ఒళ్లు కదలాలి.

12. తల్లిదండ్రులతో మొదటి రోజే మాట్లాడండి

బట్టలు మురికవుతాయి, మోకాళ్లు దోక్కుపోతాయి, ఎండలోకీ వానలోకీ వెళ్తారు అని చేర్చుకునే రోజే చెప్పండి. రెండు జతల పాత బట్టలు, జారని బూట్లు, టోపీ అడగండి. తెచ్చుకోలేనివాళ్ల కోసం సెంటర్‌లోనే కొన్ని జతలు ఉంచండి, బట్టల్లేక ఏ పిల్లా కిటికీ దగ్గర ఆగిపోకూడదు. సాయంత్రం తీసుకెళ్లేటప్పుడు "ఈ రోజు తనంతట తాను మూడో మెట్టు ఎక్కిందండీ" అని ఒక్క మాట చెబితే, బురద గురించి అడిగేవాళ్లు తగ్గిపోతారు.

13. ఆరు వారాల తర్వాత మళ్లీ గడియారం

అవే మూడు గళ్లు, వీలైతే ఆ ముగ్గురు పిల్లలే. ఎదురుచూపు గీతలు తగ్గకపోతే ఆటస్థలం జోలికి పోకుండా తలుపు దగ్గర చూడండి, చాలాసార్లు చిక్కు అక్కడే ఉంటుంది. బూట్ల అరలు పిల్లల నడుము ఎత్తుకు దించండి, తాళ్ల బూట్ల బదులు అంటుకునే పట్టీ ఉన్నవి తెమ్మనండి, ఒక్కో అర మీద ఆ పిల్ల ఫొటో అంటించండి. రెండేళ్ల పిల్లలు కూడా తమ బూట్లు తామే తెచ్చుకుని, ఒక కాలికి వేసుకుని, రెండోది మీ చేతికిస్తారు.